ట్రైలర్ బ్యాటరీ మారిస్తే బ్రేకులు బాగవుతాయా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. డాలస్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో 24 అడుగుల ట్రావెల్ ట్రైలర్, అంటే పికప్ వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు, కొన్నారు. రెండు యాక్సిళ్లు, నాలుగు చక్రాలకూ ఎలక్ట్రిక్ బ్రేకులు. పికప్‌కి తగిలిస్తే డాష్‌బోర్డు మీద ట్రైలర్ కనెక్ట్ అయినట్టు చూపిస్తోంది, కానీ బ్రేక్ తొక్కితే వెనక నుంచి బరువు నెట్టుకొస్తున్నట్టే ఉంటోంది. పైగా క్యాంపులో రాత్రి ఫర్నేస్ (గ్యాస్ హీటరు) వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతోంది. కొత్త బ్యాటరీ వేస్తే రెండూ సర్దుకుంటాయని ఎవరో చెప్పారు. పిల్లలతో కొలరాడో ప్రయాణం పెట్టుకున్నారు, అదీ మీ టెన్షన్.

బ్యాటరీ మారిస్తే రాత్రి సమస్య తీరవచ్చు. బ్రేకుల సమస్య తీరదు. బ్రేకులు సరిచూసుకునేదాకా దయచేసి ఆ ట్రైలర్‌ని హైవే ఎక్కించకండి.

మామూలుగా నడిపేటప్పుడు ట్రైలర్ బ్రేకులకు కరెంటు ట్రైలర్ బ్యాటరీ నుంచి రాదు, పికప్ నుంచి వస్తుంది. మీరు పెడల్ తొక్కగానే పికప్‌లోని బ్రేక్ కంట్రోలర్ ఎంత కరెంటు పంపాలో నిర్ణయించి, ఏడు పిన్నుల ప్లగ్గులోని నీలం వైరు మీదుగా చక్రాలకు పంపుతుంది. అది తెల్ల వైరు గుండా, అంటే ఎర్త్ గుండా తిరిగి వస్తుంది. ట్రైలర్ బ్యాటరీని ఊడదీసి ఇంట్లో పెట్టి వచ్చినా ఈ దారి అలాగే పనిచేస్తుంది. బ్యాటరీ బ్రేకుల జోలికి వచ్చే సందర్భం ఒక్కటే, ట్రైలర్ పికప్ నుంచి తెగి విడిపోయినప్పుడు. దాని సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే బ్యాటరీ బాగుండాల్సిన అసలు కారణం అక్కడే ఉంది.

ముందు చక్రం లోపల ఏం జరుగుతుందో చూడండి. డ్రమ్ము లోపల రెండు షూలు (లైనింగు అంటించిన వంపు పలకలు, డ్రమ్మును రాసుకుని ఆపేవి ఇవే) ఉంటాయి, కింద ఒక మ్యాగ్నెట్ ఉంటుంది. మ్యాగ్నెట్ అంటే రాగి తీగ చుట్టిన కాయిల్, దాని ముఖం డ్రమ్ము లోపలి ఇనుప పళ్లేనికి ఆనుకుని ఉంటుంది. కరెంటు లేనప్పుడు ఊరికే రాసుకుంటూ ఉంటుంది. కరెంటు రాగానే ఆ తిరిగే పళ్లేనికి అంటుకుని, దాంతో పాటు కొంచెం ముందుకు లాగబడుతుంది. మ్యాగ్నెట్ ఒక లివర్ చివర బిగించి ఉంటుంది కాబట్టి లివర్ కదులుతుంది. లివర్ పైకొస మొదటి షూని డ్రమ్ముకేసి నెడుతుంది, ఆ షూ డ్రమ్ముతో పాటు తిరగబోయి కింది అడ్జస్టర్ ద్వారా రెండో షూని నొక్కుతుంది. అంటే చక్రాన్ని ఆపే బలంలో ఎక్కువ భాగం తిరుగుతున్న చక్రం నుంచే వస్తుంది, మ్యాగ్నెట్ దాన్ని మొదలుపెడుతుంది అంతే. అందుకే ఒక్కో చక్రానికి సుమారు 3 ఆంపియర్లతో అంత బరువు ఆగుతుంది. ఆగి ఉన్న ట్రైలర్‌కి ఈ బ్రేకులు పార్కింగ్ బ్రేకుగా పనికిరాకపోవడానికి కారణం కూడా ఇదే. చక్రాల కింద చాక్స్ (అడ్డు దిమ్మెలు) పెట్టకుండా హిచ్ (ట్రైలర్‌ని పికప్‌కి కలిపే కొక్కెం) ఎప్పుడూ విప్పకండి.

మన లారీల గాలి బ్రేకులు తెలిసినవాళ్లు ఇక్కడొక తేడా గమనించాలి. పెద్ద లారీల్లో గాలి పోతే స్ప్రింగులు బ్రేకుల్ని బిగించేస్తాయి, బండి నిలబడిపోతుంది. ఎలక్ట్రిక్ బ్రేకుల్లో దీనికి తలకిందులు. వైరు తెగినా, ప్లగ్గు తుప్పు పట్టినా, ఫ్యూజు పోయినా బ్రేకు ఉండదు, అంతే. ఏ చప్పుడూ రాదు, ఏ చక్రమూ పట్టేయదు. ట్రైలర్ హాయిగా వెనకాలే వస్తుంది, మీకు అవసరమైన రోజునే విషయం బయటపడుతుంది. మీకు ముందే తెలిసింది, అది మంచిదే.

ఇక డాష్‌బోర్డు మీద కనెక్ట్ అయినట్టు వస్తోంది కదా అన్నారు. దాన్ని పట్టించుకోకండి. అటువైపు సర్క్యూట్ ఉందని మాత్రమే అది చెబుతుంది. నాలుగు మ్యాగ్నెట్లు పనిచేస్తున్నాయా, ఒకటే మిగిలిందా, పనిచేస్తున్నా షూలు డ్రమ్మును పట్టుకుంటున్నాయా అనేది చెప్పదు. దానికి మనమే కొలవాలి.

కొలవడానికి డీసీ ఆంపియర్లు చదివే క్లాంప్ మీటరు కావాలి. ఇళ్లలో ఎలక్ట్రీషియన్లు వాడే మామూలు టాంగ్ టెస్టర్లలో చాలావాటికి ఏసీ మాత్రమే వస్తుంది, కొనేటప్పుడు డీసీ ఉందో లేదో చూసుకోండి. ముందు ట్రైలర్ బ్యాటరీని పూర్తిగా చార్జ్ చేయండి. ఏడు పిన్నుల ప్లగ్గును పికప్ నుంచి తీసేయండి. ఇది మర్చిపోవద్దు, ప్లగ్గు ఉండగా బ్రేకవే పిన్ను లాగితే ఆ కరెంటు వెనక్కి వెళ్లి కంట్రోలర్‌ని పాడుచేసే ప్రమాదం ఉంది. ట్రైలర్ నాలిక దగ్గర, అంటే హిచ్ వైపు ముందు కొసన, సన్నటి స్టీలు కేబుల్ తగిలించిన చిన్న డబ్బా ఉంటుంది, అదే బ్రేకవే స్విచ్. ట్రైలర్ తెగి విడిపోతే బ్రేకులు వేసేది ఇదే, ఆ కేబుల్ కొసన డబ్బాలో గుచ్చి ఉండేదే పిన్ను. దాని నుంచి బ్రేకులకు వెళ్లే వైరు ఒక్కదాని చుట్టూ క్లాంప్ పెట్టి, పిన్ను లాగి రీడింగ్ చూసి, వెంటనే పిన్ను మళ్లీ పెట్టేయండి. ఎక్కువసేపు వదిలితే మ్యాగ్నెట్లు వేడెక్కుతాయి.

నాలుగూ బాగుంటే 11, 12 ఆంపియర్ల దగ్గర రావాలి. 9 దగ్గర వస్తే ఒకటి పోయింది. 6 దగ్గర వస్తే రెండు పోయాయి, చాలాసార్లు ఒక యాక్సిల్‌కి వెళ్లే వైరే తెగి ఉంటుంది. అసలేమీ రాకపోతే బ్రేకవే స్విచ్ గానీ, బ్యాటరీ దగ్గరి ఫ్యూజు గానీ, ఎర్త్ గానీ చూడాలి. 12 దాటి బాగా ఎక్కువ వస్తే ఎక్కడో వైరు బాడీకి తగిలి షార్ట్ అవుతోంది. ఏ చక్రమో తేల్చడానికి దాని రెండు వైర్లూ విడదీసి మ్యాగ్నెట్ రెసిస్టెన్స్ చూడండి, 3 నుంచి 4 ఓమ్‌ల మధ్య ఉంటే మంచిది. ఆ రెండు వైర్లకూ ప్లస్ మైనస్ తేడా లేదు, ఏది ఎటు కలిపినా మ్యాగ్నెట్ పట్టుకుంటుంది.

మీలాంటి సెకండ్ హ్యాండ్ ట్రైలర్లలో నేను ముందుగా చూసే చోటు యాక్సిల్ గొట్టం. ఒక చక్రం నుంచి రెండో చక్రానికి వెళ్లే వైరును చాలా ట్రైలర్లలో ఆ గొట్టం లోపలి నుంచి లాగుతారు. లోపల పట్టి ఉంచేది ఏమీ ఉండదు, ప్రతి గుంతకీ వైరు ఊగి ఇనుముకి రాసుకుంటుంది. కొన్నేళ్లకు పై తొడుగు అరిగి రాగి బయటపడుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు మీటరు అంతా బాగుందనే చూపిస్తుంది, రోడ్డెక్కి ఊగినప్పుడు షార్ట్ అవుతుంది. కంట్రోలర్ అప్పుడప్పుడు షార్ట్ అని చూపించి మానేస్తోందంటే నా అనుమానం మొదట దీని మీదికే పోతుంది. బాగుచేసేటప్పుడు పాత దారిలో కొత్త వైరు వేయకండి. వైరుకి తొడుగు గొట్టం వేసి, యాక్సిల్ బయటి వైపు నుంచి క్లిప్పులు పెట్టి తీసుకెళ్లండి. జాయింట్లకు వైరును కొరికి పట్టుకునే నీలం ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటే అవన్నీ తీసేసి, వేడిచేస్తే ముడుచుకుని నీళ్లు పోకుండా మూసుకునే క్రింప్ కనెక్టర్లు వాడండి. చక్రాల దగ్గర వానా, ఉప్పూ, దుమ్మూ అన్నీ పడతాయి.

కరెంటు లెక్క సరిగ్గానే ఉన్నా బ్రేకు పడకపోతే తప్పు డ్రమ్ము లోపల ఉంది. నా అనుభవంలో దీనికి అన్నిటికంటే పెద్ద కారణం గ్రీజు. చాలా యాక్సిళ్లకు హబ్ మూతలోనే గ్రీజు గన్ను పెట్టే ఏర్పాటు ఉంటుంది. చక్రం తిప్పకుండా, గన్ను గబగబా నొక్కి గ్రీజు ఎక్కిస్తే అది వెనక సీలును తోసుకుని డ్రమ్ములోకి వచ్చేస్తుంది. అలాంటి డ్రమ్ము విప్పితే వెంటనే తెలుస్తుంది. బూడిదరంగులో పొడిగా ఉండాల్సిన లైనింగు నల్లగా తడిగా మెరుస్తుంది, మ్యాగ్నెట్ ముఖం మీద గ్రీజూ ఇనుప పొడీ కలిసి పేస్టులా అతుక్కుని ఉంటుంది. బ్రేక్ క్లీనర్ కొట్టి తుడిస్తే చాలని కొందరు చెబుతారు, నేను ఒప్పుకోను. లైనింగు పీల్చుకున్న గ్రీజు వేడికి మళ్లీ బయటికి వస్తుంది. సీలు, షూలు మార్చాల్సిందే. చాలామంది మెకానిక్కులు బ్యాకింగ్ ప్లేటుతో (షూలు, మ్యాగ్నెట్ బిగించి ఉండే వెనక పళ్లెంతో) సహా మొత్తం సెట్టునే మార్చేస్తారు, నాలుగు బోల్టులు, రెండు వైర్ల పని. ధరలో తేడా కూడా పెద్దగా ఉండదు. విప్పినప్పుడు మ్యాగ్నెట్ ముఖం మీద స్కేలు నిలబెట్టి చూడండి. ఒకవైపు అరిగి వాలుగా ఉన్నా, లోపలి రాగి తీగ కనిపిస్తున్నా దాన్ని మార్చాలి. మారిస్తే ఆ యాక్సిల్‌కి రెండువైపులా మార్చండి, లేకపోతే బ్రేకు ఒకవైపే లాగుతుంది.

గ్రీజు లేకపోతే అడ్జస్ట్‌మెంట్ చూడాలి. షూలు అరిగేకొద్దీ డ్రమ్ముకీ వాటికీ మధ్య దూరం పెరుగుతుంది, లివర్ తన మేరంతా కదిలినా షూ అందుకోదు. కొన్ని యాక్సిళ్లు తమంతట తామే సర్దుకుంటాయి, పాతవాటిలో చేత్తో చేయాలి. జాకీని ఫ్రేము కింద పెట్టండి, యాక్సిల్ గొట్టం కింద వద్దు, అది వంగిపోతుంది. బ్యాకింగ్ ప్లేటు కింద రబ్బరు బిరడా తీస్తే స్టార్ వీలు, అంటే అడ్జస్టర్‌ని తిప్పే పళ్ల చక్రం, కనిపిస్తుంది. చక్రం చేత్తో తిప్పడం బాగా కష్టమయ్యేదాకా బిగించి, తర్వాత లైనింగు సన్నగా రాసుకునే చప్పుడు మాత్రం వినిపిస్తూ స్వేచ్ఛగా తిరిగేదాకా వదలండి. కొత్త షూలకు మొదటి 200 మైళ్ల తర్వాత ఒకసారి, ఆపైన 3,000 మైళ్లకోసారి చూడాలని యాక్సిల్ తయారీదారులు చెబుతారు. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి నట్లు టార్క్ రెంచితో చూసుకోవాలి.

కొత్త లైనింగు మొదట్లో సరిగ్గా పట్టదు. ఖాళీ రోడ్డు మీద 40 మైళ్ల వేగంలో కంట్రోలర్ మీది చేతి మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేసి 20కి దించండి. డ్రమ్ములు చల్లారనిచ్చి మళ్లీ చేయండి. కనీసం 20 సార్లు అలా చేస్తే లైనింగు డ్రమ్ము ఆకారానికి కుదురుకుంటుంది. కంట్రోలర్‌లో గెయిన్ పెట్టుకోవడం దీని తర్వాతే, ముందు పెట్టిన గెయిన్ లెక్కలోకి రాదు.

గెయిన్ అంటే పెడల్ పూర్తిగా తొక్కితే ట్రైలర్‌కి గరిష్ఠంగా ఎంత బలం వెళ్లాలనే హద్దు. ట్రైలర్‌ని ప్రయాణానికి నింపినట్టే నింపి, పొడిగా చదునుగా ఉన్న ఖాళీ పార్కింగ్ లాట్‌లో 20, 25 మైళ్ల వేగంలో చేతి మీట పూర్తిగా నొక్కండి. చక్రాలు పట్టేసి ఈడ్చుకుంటే గెయిన్ ఎక్కువ. నీరసంగా ఆగితే తక్కువ. పట్టేయడానికి కొంచెం ఇవతల ఆపండి. నీళ్ల ట్యాంకు ఖాళీ అయినా, వాన పడినా దీన్ని మార్చుకోవాలి. కంట్రోలర్ ఏ రకమో కూడా చూసుకోండి. పాత చవక రకాలు పెడల్ తొక్కగానే ముందే పెట్టిన బలాన్ని కాస్త ఆలస్యంగా పంపుతాయి, మీరు మెల్లగా తొక్కారా గట్టిగా తొక్కారా వాటికి అనవసరం. ప్రొపోర్షనల్ రకం బండి ఎంత వేగంగా నెమ్మదిస్తోందో సెన్సారుతో కొలిచి ఆ మేరకే పంపుతుంది. మీ పికప్‌లో కంపెనీదే ఉందన్నారు కాబట్టి దాని గురించి బెంగ అక్కర్లేదు.

ఇక బ్యాటరీ. ఇలాంటి ట్రైలర్లలో సాధారణంగా గ్రూప్ 24 సైజు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటి పెట్టి అమ్ముతారు, 75, 80 ఆంపియర్ అవర్లు ఉంటుంది. దాన్ని సగం కంటే ఎక్కువ వాడితే ఆయుష్షు తగ్గిపోతుంది. అంటే మీ చేతికి వచ్చేది 40. గ్యాస్‌తో నడిచే ఫర్నేస్‌కి కరెంటు ఎందుకని మీరు అనుకుని ఉండొచ్చు, కానీ దాని ఫ్యాను ఒక్కటే 7, 8 ఆంపియర్లు లాగుతుంది. చలి రాత్రి పది గంటల్లో సగం సేపు తిరిగినా 35 నుంచి 40 అయిపోయింది. ఫ్రిజ్ బోర్డు, గ్యాస్ డిటెక్టరు, లైట్లు దానికి అదనం. కాబట్టి మీ బ్యాటరీ పాడయిందని ఇప్పుడే అనలేం, బాగున్న బ్యాటరీ కూడా ఈ లెక్కకు తెల్లారేసరికి దిగిపోతుంది. పూర్తిగా చార్జ్ చేసి, నెగటివ్ కేబుల్ విప్పి, రాత్రంతా వదిలి, పొద్దున చూడండి. 12.6 వోల్టులు, ఆ పైన ఉంటే పర్లేదు. 12.1 దగ్గరికి పడిపోతే అది సగం అయిపోయినట్టు, వాడకుండానే పడిపోయిందంటే బ్యాటరీ ముసలిదైంది. చాలా ఆటో పార్ట్స్ దుకాణాల్లో లోడ్ టెస్ట్ ఉచితంగా చేస్తారు, కొనేముందు అదీ చేయించండి.

దారిలో పికప్ చార్జ్ చేస్తుంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ప్లగ్గులోని నల్ల వైరు చేసేది ఆ పనే, కానీ దూరం ఎక్కువ. పదో నంబరు (10 గేజ్) వైరుకి వెయ్యి అడుగులకు 1 ఓమ్ రెసిస్టెన్స్ ఉంటుంది. పోను 30, రాను 30 అడుగులు వేసుకుంటే 15 ఆంపియర్ల దగ్గర సుమారు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. అందుకే బ్యాటరీ సగం నిండాక లోపలికి వెళ్లేది కొద్ది ఆంపియర్లే. నాలుగైదు గంటల డ్రైవ్‌తో నిండిపోతుందని లెక్క వేసుకోకండి. కొన్ని పికప్‌లలో ఆ లైనుకి ఫ్యూజు పెట్టకుండానే బండి చేతికి ఇస్తారు, ఇంజన్ ఆన్ చేసి నల్ల పిన్ను దగ్గర వోల్టేజి వస్తోందో లేదో ఒకసారి చూడండి. లిథియం వేయాలనుకుంటే డీసీ టు డీసీ చార్జర్ (పికప్ నుంచి వచ్చే వోల్టేజిని బ్యాటరీకి సరిపడేలా మార్చి ఇచ్చే పెట్టె) కూడా కలిపి ప్లాన్ చేయండి. గడ్డకట్టే చలిలో, అంటే 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి వెళ్తే, లిథియం బ్యాటరీని చార్జ్ చేయకూడదు. కొలరాడోలో అది వట్టి పుస్తకాల మాట కాదు.

ఇప్పుడు బ్రేకవే సంగతి. హిచ్ ఊడి, ట్రైలర్‌ని పికప్‌కి అదనంగా కట్టి ఉంచే గొలుసులు కూడా తెగి ట్రైలర్ విడిపోతే స్టీలు కేబుల్ ఆ పిన్నును లాగేస్తుంది, ట్రైలర్ బ్యాటరీ నేరుగా నాలుగు మ్యాగ్నెట్లకూ కలుస్తుంది. గెయిన్ ఉండదు, కంట్రోలర్ ఉండదు, పూర్తి 12 వోల్టులు. అమెరికా ఫెడరల్ నిబంధన 393.43 ప్రకారం ఆ బ్రేకులు కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచాలి. అది వాణిజ్య వాహనాల కోసం రాసినదే అయినా మన లెక్కకూ అదే మంచి కొలత. 12 ఆంపియర్లు, పావుగంట అంటే 3 ఆంపియర్ అవర్లు మాత్రమే. మీ ఫర్నేస్ రాత్రి తినేదాని ముందు ఇది ఎంత! కానీ ఆ కాస్తా బ్యాటరీలో మిగిలి ఉండాలి. తెల్లారి బ్యాటరీ దిగిపోయిన ట్రైలర్‌ని అలాగే తగిలించుకుని బయల్దేరితే మామూలు బ్రేకులు పడతాయి, విడిపోతే పడేవి మాత్రం ఉండవు. బయల్దేరేముందు చార్జ్ చూసుకోమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇంకొక చిక్కు ఉంది. ట్రైలర్ పార్క్ చేసినప్పుడు బ్యాటరీ దిగకుండా చాలామంది పాత ఓనర్లు నెగటివ్ టెర్మినల్ మీద కటాఫ్ స్విచ్ బిగిస్తారు. అది ఆఫ్‌లో ఉంటే బ్రేకవేకి కూడా కరెంటు అందదు. మీ ట్రైలర్‌కి ఉంటే, నడిపేటప్పుడు అది ఆన్‌లోనే ఉండాలి. ఆ స్విచ్ ఆఫ్‌లో పెట్టి పిన్ను లాగి చూడండి, క్లాంప్ మీటరులో ఏమీ రాకపోతే ఆ స్విచ్ బ్రేకవేని కూడా ఆపేస్తోందని తెలిసిపోతుంది. ఆ తర్వాత బ్రేకవే వైరుని ఫ్యూజు ద్వారా నేరుగా ప్లస్ టెర్మినల్‌కి కలిపి, కటాఫ్‌ని కూడా ప్లస్ వైపుకే మార్చి ఆ వైరు తర్వాత వచ్చేలా బిగించుకుంటే ఈ గొడవ ఉండదు. కేబుల్ రెండో కొసను పికప్ ఫ్రేముకి గానీ హిచ్ రిసీవర్ (పికప్ వెనక ఫ్రేముకి బిగించిన చదరపు గొట్టం) మీది గట్టి చోటుకి గానీ తగిలించండి. గొలుసులకు, బాల్‌మౌంట్‌కి (రిసీవర్‌లో దూర్చే, హిచ్ గుండు ఉన్న కడ్డీకి) తగిలించొద్దు, అవి ఊడితే కేబుల్ కూడా వాటితో పాటే పోతుంది.

కొలరాడో దారి గురించి ఒక్కమాట. ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,158 అడుగుల ఎత్తులో ఉంది, అవతల సిల్వర్‌థార్న్ వైపు 7 శాతం వాలు. అక్కడ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే ట్రైలర్ డ్రమ్ములు వేడెక్కి వ్యాకోచిస్తాయి, షూకి దూరమవుతాయి. కాయిల్ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరిగి కరెంటు కూడా తగ్గుతుంది. రెండూ కలిసి బ్రేకు పలచబడిపోతుంది. వాలు మొదలవకముందే టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు వాడే గేర్ల సెట్టింగు) వేసి తక్కువ గేరులోకి రండి. వేగం పెరిగితే కాసేపు గట్టిగా బ్రేకు వేసి 10 మైళ్లు తగ్గించి, పూర్తిగా వదిలేయండి. గాలికి ట్రైలర్ అటూఇటూ ఊగడం మొదలైతే పికప్ పెడల్ తొక్కకండి, స్టీరింగు నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ నుంచి కాలు తీసి, చేతి మీటతో ట్రైలర్ బ్రేకు మాత్రమే మెల్లగా వేయండి. వెనక నుంచి లాగినట్టయి ట్రైలర్ తిన్నగా వస్తుంది. ఈ మీట మీ చెయ్యి చూడకుండా అందుకునేలా ఖాళీ రోడ్డు మీద ముందే అలవాటు చేసుకోండి, మీ ఇంటావిడ కూడా నడిపేట్టయితే ఆవిడ చేతా చేయించండి.

ముందు పిన్ను లాగినప్పుడు ఎన్ని ఆంపియర్లు వచ్చాయో, ఒక్కో మ్యాగ్నెట్ ఎన్ని ఓమ్‌లు చూపించిందో, రాత్రంతా వదిలిన బ్యాటరీ పొద్దున ఎన్ని వోల్టుల మీద ఉందో ఇక్కడ రాయండి. ఒక డ్రమ్మయినా విప్పి ఫోటో పెడితే ఇంకా మంచిది. షూలు మార్చాలో, వైరు మార్చాలో వాటిని చూసి చెబుతాను.